తేలినీలాపురం, తేలుకుంచి, తంపర పక్షులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి దాటిందంటే చాలు, "పక్షులొచ్చాయా?" అని ఫోన్లు మొదలవుతాయి. అక్కడి నుంచి ఉగాది దాకా అవే సందేహాలు. అడిగేవాళ్ళు మారతారు, అడిగేవి మారవు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పక్షులు చూడాలనుకునేవాళ్ళకీ, ఆ పక్షుల మధ్యే బతికే ఊళ్ళవాళ్ళకీ పనికొచ్చేలా అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసింది మాత్రమే చదువుకోండి.

## బయలుదేరే ముందు

ఈ సైబీరియా పక్షులు మన ఊళ్ళకి ఎప్పుడొస్తాయండీ?

తేలినీలాపురం చెట్ల మీద కనిపించేవి సైబీరియా పక్షులు కావు. వార్తల్లో, కరపత్రాల్లో ఏళ్ళ తరబడి అలాగే రాస్తున్నారు కాబట్టి ఆ మాట అందరి నోటా స్థిరపడిపోయింది. అక్కడికి ముఖ్యంగా వచ్చేవి రెండు జాతులు. ఒకటి పెలికాన్, అంటే గూడబాతు. రెండోది ఎర్రకాళ్ల కొంగ. ఈ రకం గూడబాతు ప్రపంచం మొత్తం మీద గూడు కట్టేది భారతదేశం, శ్రీలంక, కంబోడియా వంటి కొద్ది చోట్లే. ఎర్రకాళ్ల కొంగ కూడా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షే. మంచు ముఖం ఎరగనివి ఇవి.

నీళ్ళు, మేత ఎక్కడ దొరికితే అక్కడికి దేశం లోపలే తిరుగుతూ, గుడ్లు పెట్టే వేళకు మన ఊరు చేరతాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చుట్టంచూపుగా వచ్చిందంటే ఎలా ఉంటుందో, వీటిని విదేశీ అతిథులు అనడం అలా ఉంటుంది. చాలా పక్షులు ఇక్కడి చెట్ల మీదే కళ్ళు తెరుస్తాయి. ఇక ఎప్పుడంటే, సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి.

అయితే నిజంగా సైబీరియా నుంచి వచ్చే పిట్టే లేదా మనకి?

ఉంది. కానీ జనం దాని వైపు చూడరు. భావనపాడు ఇసుకలోనో, నౌపడ ఉప్పు మడుల గట్ల మీదో గబగబా పరుగెత్తే, గుప్పెట్లో పట్టేంత బూడిదరంగు పిట్ట ఒకటుంటుంది. పేరు లిటిల్ స్టింట్. బరువు 30 గ్రాములు దాటితే గొప్ప. ఉత్తర ధ్రువానికి దగ్గరి నేలల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి ఇక్కడికి వస్తుంది. కర్ల్యూ శాండ్‌పైపర్, పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ కూడా అటువైపు నుంచే వస్తాయి. నిఖార్సైన సైబీరియా చుట్టాలు ఇవీ. పెద్ద పక్షి దూరం నుంచి వచ్చి ఉంటుంది, చిన్నది ఇక్కడిదే అయి ఉంటుంది అని మనం ఊహించుకుంటాం. ఇక్కడ మాత్రం అది తిరగబడింది.

సైబీరియా కొంగ అని నిజంగానే ఒక పక్షి ఉంది. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడా కనిపించలేదు.

తేలినీలాపురం, తేలుకుంచి రెండూ ఒకటేనా? ఏది ముందు చూడాలి?

పేర్లు దగ్గరగా ఉన్నా ఊళ్ళు దూరం, పక్షులు వేరు, కాలం కూడా వేరు. తేలినీలాపురం టెక్కలి మండలంలో ఉంది. తేలుకుంచి ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. తేలుకుంచికి వచ్చేది ఓపెన్‌బిల్, నత్తలు తినే కొంగ. అది తొలకరితో జూన్, జూలైల్లో వచ్చి, చలి ముదిరే లోపల పిల్లలతో వెళ్ళిపోతుంది. తేలినీలాపురం సందడి అప్పటికి ఊపందుకుంటుంది.

ఈ తేడాకు కారణం మేతే. వానలకు వరిమళ్ళు నిండితే నత్తలు పైకొస్తాయి. నత్తలు తినే కొంగ ఆ వేళకు పిల్లల్ని లేపుతుంది. గూడబాతుకు చేప కావాలి. వానలు వెనకబట్టి, చెరువులూ, నీళ్ళు నిలిచే పల్లపు నేలలైన తంపరలూ కొద్దికొద్దిగా ఇంకుతుంటే చేపలన్నీ ఒకచోట చేరి సులువుగా దొరుకుతాయి. అందుకే అది చలికాలాన్ని ఎంచుకుంది. ఆగస్టులో సెలవు దొరికితే తేలుకుంచి వెళ్ళండి, డిసెంబరులో దొరికితే తేలినీలాపురం. రెండూ ఒకే రోజు చూడాలంటే అక్టోబరు ప్రాంతంలో కొంత కుదురుతుంది గానీ, అది తుఫాన్ల నెల.

సంక్రాంతికి ఊరొస్తున్నాం. అప్పుడు వెళ్తే ఏమైనా ఉంటాయా?

తేలినీలాపురానికి అంతకన్నా మంచి రోజులు లేవు. గూళ్ళ నిండా పిల్లలుంటాయి, తల్లీతండ్రీ విడతలుగా మేతకు వెళ్ళి వస్తుంటాయి. కదలిక ఎక్కువ కాబట్టి పిల్లలకీ విసుగు రాదు. అదే ప్రయాణంలో నౌపడ వైపు తంపరల్లో చలికాలపు బాతులు కూడా చూడొచ్చు. కనుమ నాడు మాత్రం జనం ఎక్కువ. భోగికి ముందో, ముక్కనుమ దాటాకో పెట్టుకుంటే ప్రశాంతంగా ఉంటుంది.

బస్సులో, రైల్లో వస్తే ఎలా చేరుకోవాలి?

తేలినీలాపురానికి టెక్కలి వచ్చి ఆటో మాట్లాడుకోవాలి. టెక్కలి జాతీయ రహదారి మీదే ఉంది కాబట్టి శ్రీకాకుళం, పలాస వైపు నుంచి బస్సులకు లోటు లేదు. రైల్లో అయితే నౌపడ జంక్షన్ దగ్గర. కానీ దూరప్రయాణపు రైళ్ళు చాలావరకు పలాసలోనో, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోనో ఆగుతాయి. ఆ రెండో స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, శ్రీకాకుళం పట్నంలో కాదు. తేలుకుంచికి ఇచ్ఛాపురంలో దిగి ఆటోలో వెళ్ళాలి. ఆటోను రానూపోనూ మాట్లాడుకోవడం మేలు. పల్లెలో తిరుగు ఆటో కోసం ఎదురుచూస్తే మధ్యాహ్నం గడిచిపోతుంది.

ఎన్నింటికి వెళ్తే బాగా కనిపిస్తాయి?

తెల్లవారగానే ఒకసారి, ఎండ కాస్త ఎక్కాక ఒకసారి. పొద్దున్నే వెలుతురు మెత్తగా ఉండి గూళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. అసలు చూడవలసింది తొమ్మిది దాటాక. నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. ఆ గాలి ఆసరాతో గూడబాతులు రెక్క ఆడించకుండా సుడులు తిరుగుతూ పైకి వెళ్తాయి. నాలుగు నుంచి ఆరు కిలోల బరువు, ఎనిమిది అడుగుల రెక్కల విస్తీర్ణం ఉన్న పక్షి అలా తేలిపోతుంటే నోరు తెరుచుకుని చూస్తాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా భోజనం చేసి కునుకు తీయండి. సాయంత్రం తిరిగొచ్చే గుంపులు మళ్ళీ కనువిందే.

బైనాక్యులర్ కొనాలా? ఏది కొనాలి?

గూళ్ళు చూడ్డానికైతే అక్కర్లేదు. చెట్లు ఊరి మధ్యే ఉంటాయి, వాచ్ టవర్ కూడా ఉంది, మామూలు కళ్ళకే కనిపిస్తాయి. తంపరల్లో బాతులు, సముద్రపు ఒడ్డున పిట్టలు చూడాలంటే తప్పదు. 8x42 అని రాసి ఉన్నది అడగండి. 8 అంటే ఎన్నింతలు దగ్గరగా చూపిస్తుందో ఆ లెక్క, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 20 ఇంతలు, 30 ఇంతలు అని తిరునాళ్ళలో అమ్మేవి కొనకండి. చేతి వణుకు కూడా అన్నింతలు పెరిగి బొమ్మ నిలవదు.

ఏ రంగు బట్టలు వేసుకోవాలి?

మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిద ఏదైనా సరే. ఎర్రచీర కట్టుకున్నంత మాత్రాన పక్షులు లేచిపోవు. అరుపులకు, పరుగులకు లేచిపోతాయి. గొడుగు కంటే టోపీ నయం. గూళ్ళ కింద నిలబడితే టోపీ అవసరం ఎందుకో అక్కడే తెలుస్తుంది.

## చెట్ల కింద నిలబడ్డాక

గూడబాతుని, ఎర్రకాళ్ల కొంగని ఎలా గుర్తుపట్టాలి?

ముక్కు కింద వేలాడే తోలుసంచి ఉంటే గూడబాతు. దగ్గరగా చూస్తే పైముక్కు అంచున నీలపు మచ్చలు వరుసగా ఉంటాయి. ఒళ్ళు మాసిన తెలుపు, కాళ్ళు పొట్టి, చెట్టు మీద కూర్చుంటే బరువుగా, కాస్త బద్ధకంగా ఉంటుంది. ఎర్రకాళ్ల కొంగ నిటారుగా నిలబడుతుంది. పసుపు ముక్కు కొసన కొంచెం వంగి ఉంటుంది, ముఖం నారింజరంగు, నడుం దగ్గర ఈకలకు గులాబీ అద్దకం. గుడ్లు పెట్టే రోజుల్లో ఆ గులాబీ మరింత పొంగుతుంది.

చేప పట్టే తీరు కూడా వేరే. గూడబాతు సంచితో నీళ్ళతో సహా తోడి, నీళ్ళు ఒంపేసి చేపను మింగుతుంది. కొంగ ముక్కు సగం తెరిచి నీళ్ళలో పెట్టి అటూఇటూ ఊపుతుంది, చేప తగిలిన క్షణంలో మూసేస్తుంది. దానికి చూపు పని లేదు, బురద నీళ్ళైనా ఒకటే.

గూడబాతు సంచిలో చేపలు దాచుకుంటుందట, నిజమేనా?

దాచుకోదు. సంచి చేపను తోడే వల మాత్రమే. పట్టినది వెంటనే మింగుతుంది. గూటికి వచ్చాక పిల్ల తన తలను తల్లి గొంతులోకి దూర్చి అరిగీ అరగని చేప తింటుంది. మొదటిసారి చూసినవాళ్ళు పిల్లని మింగేస్తోందని కేకలు పెడతారు. ఎండ పడితే గొంతు సంచిని దడదడ ఆడిస్తూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది, ఆ పనికి కూడా సంచి పనికొస్తుంది.

తేలుకుంచి కొంగలకి ముక్కు మధ్యలో సందు ఉంది. విరిగిపోయిందా?

దాని ముక్కు కట్టే అంత. పై భాగం, కింది భాగం కొసన కలుస్తాయి, మధ్యలో కలవవు. నీటి నత్తను పట్టి, గుల్లలోంచి మాంసం లాగడానికి ఆ ముక్కు అనువుగా ఉంటుంది. పిల్లలకు ఈ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. కాబట్టి గూటిలో ముక్కు నేరుగా ఉన్నవి కనిపిస్తే వేరే జాతి అనుకోకండి.

టకటకమని చెక్కలు కొట్టినట్టు చప్పుడొస్తోంది. ఏమిటది?

ఎర్రకాళ్ల కొంగలు, నత్తలు తినే కొంగలు ముక్కు పైదీ కిందదీ కొట్టుకుని చేసే చప్పుడు. పెద్ద కొంగలకు గొంతు దాదాపు లేనట్టే. జత కుదుర్చుకునేటప్పుడు, గూటికి జంట తిరిగొచ్చినప్పుడు ఇలా పలకరించుకుంటాయి. అరుపులు వినిపిస్తే అవి పిల్లలవి, ఆకలి గోల.

కొంగల కాళ్ళకి సున్నం పూసినట్టు ఉంది, జబ్బా?

జబ్బు కాదు. ఎండకు తాళలేక కాళ్ళ మీదే రెట్ట వేసుకుంటాయి. ఆ తడి ఆరుతుంటే రక్తం చల్లబడుతుంది. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నా మన కూలర్ కంటే ఖర్చు తక్కువ.

గూటిలో తెల్లవాటి పక్కన మట్టిరంగువి కూడా ఉన్నాయి. వేరే రకమా?

అదే జాతి పిల్లలు. ఎర్రకాళ్ల కొంగ పిల్లకు గులాబీ, పసుపు ఏవీ ఉండవు, మాసిన బూడిద గోధుమరంగులో ఉంటుంది. పెద్దల రంగు పూర్తిగా రావడానికి ఏళ్ళు పడుతుంది. గూడబాతు పిల్ల పుట్టినప్పుడు ఒంటిమీద ఈక కూడా ఉండదు, తర్వాత తెల్లటి నూగు వస్తుంది. గుడ్డు పొదగడానికి సుమారు నెల, పిల్ల ఎగరడానికి ఆ తర్వాత మరికొన్ని నెలలు. మార్చి దాకా ఊళ్ళో గోల తగ్గకపోవడానికి కారణం ఇదే.

గూటి నుంచి పిల్ల కింద పడితే ఏం చెయ్యాలి?

కుక్కలు, కాకులు దగ్గరికి రాకుండా చూసి, అక్కడుండే అటవీశాఖ సిబ్బందికి చెప్పండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ నీళ్ళే చంపుతాయి. అన్నం, పాలు, రొట్టె ముక్క ఏదీ పెట్టకండి. గూడబాతు పిల్ల ముక్కు కొసన కొక్కెం ఉంటుంది, వట్టి చేతులతో పట్టుకుంటే గీసుకుంటుంది. తువ్వాలు కప్పి, వెలుతురు తగలకుండా, నీడలో ఉంచితే అదే పెద్ద సాయం. ఇంటికి తీసుకెళ్ళి పెంచుతామనే మాట వద్దు, చట్టం ఒప్పుకోదు.

దగ్గరగా ఫొటో కావాలి. డ్రోన్ ఎగరేయొచ్చా?

వద్దు. పక్షి కంటికి డ్రోన్ ఒక గద్ద. గుంపంతా ఒక్కసారి లేస్తుంది, ఆ తొక్కిసలాటలో గుడ్లు దొర్లి పడతాయి, ఖాళీ గూళ్ళ మీద కాకులు వాలతాయి. ఒక్క వీడియో కోసం ఇంత నష్టం. వాచ్ టవర్ మీద నిలబడి, మామూలు ఫోన్‌తో కూడా గుంపు లేచేటప్పుడు మంచి బొమ్మ వస్తుంది. జూమ్ చేయడం మానేసి చెట్టునీ ఆకాశాన్నీ కలిపి తీయండి.

కార్తీక వనభోజనాలు ఆ చెట్ల కింద పెట్టుకోవచ్చా?

ఆ చెట్లు మాత్రం వదిలేయండి. కార్తీకం అంటే తేలినీలాపురంలో గూళ్ళు కట్టే, గుడ్లు పొదిగే రోజులు. సౌండ్ బాక్సుల మోత, వంటల పొగ రెండూ పక్షిని గూటిమీద కూర్చోనివ్వవు. పొదగడం ఆగితే గుడ్డు చల్లబడి పాడవుతుంది. దీపావళి, నాగుల చవితి టపాసులతోనూ ఇదే చిక్కు. ఉసిరి చెట్టు ఎక్కడైనా దొరుకుతుంది, భావనపాడు తీరం కూడా ఎంతో దూరం కాదు. భోజనాలు అక్కడ పెట్టుకుని, పక్షుల దగ్గరికి ఊరికే చూడ్డానికి రండి.

## తంపరల్లో, ఏటి ఒడ్డున, సముద్రం దగ్గర

తంపరల్లో చూడ్డానికి ఏముంటుంది? అది బీడు భూమే కదా?

రికార్డుల్లో ఏమని రాసినా, తంపర బీడు కాదు. నౌపడ, కాకరాపల్లి చుట్టూ పరుచుకున్న ఈ పల్లపు నేలల్లో వాననీరూ, సముద్రపు పోటునీరూ కలిసి నిలుస్తాయి. చేపలు పెరుగుతాయి, గడ్డి పెరుగుతుంది, పశువులు మేస్తాయి, జాలరులు వల వేస్తారు. తేలినీలాపురం చెట్ల మీద పిల్లలకు అందే చేపలో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న ఈ నీళ్ళలోదే. చెట్టు పడకగది అయితే వంటిల్లు తంపర అన్నమాట. సోంపేట వైపు ఇలాంటి నేలనే బీల అంటారు.

2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా జరిగిన ఉద్యమాల్లో పోలీసు కాల్పులకు మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ పోరాటం రైతులు, జాలరులు తమ బతుకు కోసం చేసింది. పక్షుల కోసం చేసిందని చెప్పడం అబద్ధం అవుతుంది. కానీ ఆ నీళ్ళు నిలిచినచోట పక్షులూ నిలిచాయి.

చలికాలంలో వచ్చే బాతులు ఏవి? ఎలా గుర్తుపట్టాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడండి. మగపక్షి తోక సూదిలా పొడుగ్గా ఉంటే సూదితోక బాతు. ముక్కు పారలా వెడల్పుగా ఉంటే షవలర్. కంటి మీద తెల్లటి కనుబొమ గీత ఉంటే గార్గనీ. ఆడబాతులన్నీ గోధుమరంగు మచ్చలతో ఒకేలా ఉంటాయి. వాటితో కుస్తీ పట్టకుండా పక్కనున్న మగవాటిని పట్టుకోండి. బాతులు పగలంతా నీటి మధ్య కునుకు తీసి రాత్రి మేస్తాయి, కాబట్టి "ఏమీ చెయ్యట్లేదేంటి" అని నిరుత్సాహపడకండి. పైన ఒడిశాలోని చిలికా సరస్సు వీటికి పెద్ద విడిది. అక్కడికి వచ్చేవాటిలో కొన్ని మన తీరానికీ దిగుతాయి.

చక్రవాకం అని పద్యాల్లో చదివాం. అది నిజంగా ఉన్న పక్షేనా?

ఉంది. నారింజ కలిసిన గోధుమరంగు ఒళ్ళు, లేత తల ఉన్న పెద్ద బాతు. మధ్యాసియా, టిబెట్ వైపు గుడ్లు పెట్టి చలికాలానికి దిగుతుంది. నదుల ఇసుక తిన్నెలంటే ఇష్టం. జంట రాత్రిళ్ళు విడిపోయి ఏటికి చెరో ఒడ్డున ఏడుస్తుందని మన కవులన్నారు. ఎప్పుడు చూసినా జంటగానే కనిపిస్తుంది మరి. కవుల మాట రాత్రి సంగతి కాబట్టి వాదన పెట్టుకోలేం.

సముద్రపు ఒడ్డున చిన్న పిట్టలన్నీ ఒకేలా ఉన్నాయి. విసుగొస్తోంది.

అందరికీ వస్తుంది. పేరు పక్కన పెట్టి నడక చూడండి. కొన్ని అల వెనక పరుగెత్తి, అల రాగానే వెనక్కి పరుగెత్తుతాయి, అది శాండర్లింగ్. కొన్ని నాలుగడుగులు వేసి టక్కున ఆగి, మళ్ళీ నాలుగడుగులు వేస్తాయి, అవి ప్లోవర్లు. గుల్లలు, రాళ్ళు తిరగేసేది టర్న్‌స్టోన్. పొడుగ్గా కిందికి వంగిన ముక్కుంటే కర్ల్యూ. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట, కళ్ళేపల్లి దగ్గర నాగావళి కలిసేచోట, బారువ దగ్గర మహేంద్రతనయ కలిసేచోట ఇవి ఎక్కువ దొరుకుతాయి. ఆటు సమయంలో, బురద బయటపడ్డప్పుడు వెళ్ళండి. పోటు మీద వెళ్తే నీళ్ళే కనిపిస్తాయి.

విజయనగరంలో ఉంటాం. టెక్కలి దాకా రాకుండా దగ్గర్లో ఏమీ లేదా?

గోస్తని మీద తాటిపూడి జలాశయం ఉంది, నీటికాకులు, లకుముకి పిట్టలు ఎప్పుడూ ఉంటాయి, చలికాలంలో బాతులు అదనం. కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసేచోట తీరపు పిట్టలు చూడొచ్చు. మడ్డువలస జలాశయం కూడా బాగుంటుంది. ఇవేవీ వద్దనుకుంటే మీ ఊరి చెరువు గట్టే చాలు. నవంబరులో కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చునే స్వాలో పిట్టలు, వరి కోసిన మడిలో తోక ఆడిస్తూ తిరిగే వాగ్‌టెయిల్‌లు కూడా వలస వచ్చినవే. వాటిని చూడ్డానికి టికెట్టు, ఆటో అక్కర్లేదు.

అంతంత దూరం తిండి లేకుండా, దారి తప్పకుండా ఎలా వస్తాయి?

బయలుదేరే ముందు విపరీతంగా తిని కొవ్వు పట్టిస్తాయి. కొన్ని తీరపు పిట్టల బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ కొవ్వే దారిబత్తెం. 2022లో బార్-టెయిల్డ్ గాడ్‌విట్ పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు సుమారు 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని ఒంటికి కట్టిన పరికరం వల్ల ఆ లెక్క తెలిసింది. పట్టెతల బాతు హిమాలయాలను దాటేటప్పుడు 7,000 మీటర్లకు పైన ఎగిరిన రికార్డు ఉంది. దారికి సూర్యుడు, చుక్కలు, భూమి అయస్కాంత శక్తి, నదులు, తీరరేఖ, అన్నీ వాడుకుంటాయి. చాలా తీరపు పిట్టల్లో పెద్దలు ముందు బయలుదేరిపోతాయి, ఆ ఏడు పుట్టిన పిల్లలు తర్వాత తమంతట తామే వస్తాయి. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడే మాట ఆగిపోతుంది.

## ఊళ్ళో ఉండేవాళ్ళు అడిగేవి

కొంగలు మా వరిచేలో దిగుతున్నాయి. పంట పాడవుతుందా?

నత్తలు తినే కొంగ వరి గింజ ముట్టదు, నత్తలు, పీతలు, పురుగులే తింటుంది. నాటిన కొత్తలో గుంపుగా దిగితే కొన్ని మొక్కలు తొక్కుడుకు వంగుతాయి, అంతవరకే. లేత వరి మొక్కను నత్తలు కొరికే మళ్ళలో అయితే ఇవి దిగడం లాభమే. మీరు పురుగుమందు కొట్టిన రెండు మూడు రోజులు మాత్రం అదిలించండి, మందు తిన్న నత్త కొంగకు విషం.

గూడబాతులు చేపల చెరువు ఖాళీ చేస్తున్నాయి. వల కప్పొచ్చా?

మీ బాధ నిజమే, ఒక్కో పక్షి రోజూ కిలోకు అటూఇటూ చేప తినగలదు. చెరువు మీద వరసగా తీగలు లాగి మెరిసే రిబ్బన్లు కట్టడం, పొద్దున్నే మనిషి తిరగడం, చేపపిల్లల తొట్టె వరకు వల కప్పడం చేయొచ్చు. వల బిగుతుగా ఉండాలి. వదులుగా, సన్నటి నైలాన్‌తో ఉంటే పక్షి చిక్కుకుని చస్తుంది. విషం పెట్టడం, ఉచ్చు వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

రెట్ట కంపు భరించలేకపోతున్నాం. పిల్లలకి రోగాలు వస్తాయా?

కంపు ఉంటుంది, దాన్ని కాదనలేం. సందర్శకులు ఒక పూట చూసి వెళ్ళిపోతారు, ఊరివాళ్ళు ఆరునెలలు భరిస్తారు. చెట్టు కింద నుయ్యి, నీళ్ళ తొట్టి ఉంటే మూత వేయండి, కింద ఆడిన పిల్లలకు సబ్బుతో చేతులు కడిగించండి. ఎండిన రెట్టలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి, చెత్తతో కలిపి కుళ్ళబెడితే మంచి ఎరువు. పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుంది. ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

చెట్ల కింద పక్షులు చచ్చి పడి ఉన్నాయి. బర్డ్ ఫ్లూయేనా? టెన్షన్‌గా ఉంది.

ముట్టుకోకుండా అటవీశాఖకూ, పశువైద్యుడికీ చెప్పండి. కారణం పరీక్షలోనే తేలుతుంది. 2021-22 చలికాలంలో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయినప్పుడు ఊరంతా బర్డ్ ఫ్లూ అనే భయపడింది. తేలింది వేరు, కడుపులో చేరిన నులిపురుగులు. అలాంటి పురుగులు చేపల ద్వారా పక్షికి చేరతాయి. ఒకటీ అరా పిల్లలు గూటి నుంచి పడి చావడం ప్రతి ఏడూ ఉంటుంది. పెద్ద పక్షులు వరసగా పడిపోతుంటే మాత్రం ఆ రోజే కబురు పెట్టాలి. కుక్కల్ని, కోళ్ళను అటు పోనివ్వకండి.

చెట్టు మా పెరట్లోది. కొట్టుకోవడానికి మాకు హక్కు లేదా?

చెట్టు మీదే, గూడు మాత్రం చట్టం కాపాడేది. గూళ్ళు, గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు కొడితే కేసు అవుతుంది. ఇల్లు కట్టుకోవడం, కొమ్మ గోడ మీద పడడం లాంటి నిజమైన అవసరముంటే పక్షులు లేని వేసవి నెలల్లో అటవీశాఖతో మాట్లాడి చేసుకోండి. ఒక విషయం గుర్తుంచుకోండి. పాత పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడులో 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి ప్రేమికుడు పెద్ద గూడబాతుల స్థావరం చూసి రాశారు. 1970ల నాటికి అది ఖాళీ. పక్షులు ఒకసారి ఊరు వదిలితే బతిమాలి తెచ్చుకోలేం.

తుఫాను వస్తే ఇవి ఏమైపోతాయి?

ఎగరగలిగినవి కొన్ని తప్పించుకుంటాయి, గూళ్ళు పోతాయి. మన తుఫాన్లు సరిగ్గా అక్టోబరులో వస్తున్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. అప్పటికి తేలుకుంచిలో ఆఖరి పిల్లలు, తేలినీలాపురంలో తొలి జంటలు ఉంటాయి. తిత్లీ ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చినట్టే ఈ చెట్లనూ కూల్చింది. చింతచెట్టు గూడు మోసేంత కావడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే మొక్కలు నాటే ఉత్సవం రోజు ఫొటో కంటే, మూడో వేసవికి ఆ మొక్కకు నీళ్ళు పోసేవాళ్ళు ఉన్నారా అన్నది నేను చూస్తాను.

మూలపేట పోర్టు వస్తే పక్షులు పోతాయా?

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఈ పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు చుట్టూ రోడ్లు, గోదాములు, దీపాలు, మట్టి నింపడాలు వస్తాయి. చెట్లు ఎక్కడికీ పోకపోయినా, తంపరకు నీళ్ళు వచ్చిపోయే కాలువలు మూసుకుపోతే మేత పోతుంది, మేత పోతే పక్షి రాదు. గ్రామసభలో అడగవలసింది "పక్షులు కావాలా, పోర్టు కావాలా" అని కాదు. ఏ కాలువకు ఎక్కడ వంతెన వేస్తున్నారు, ఎక్కడ తూము పెడుతున్నారు, ఏ పల్లాన్ని పూడుస్తున్నారు అని మ్యాపు చూపించి అడగండి.

## వెళ్ళిపోయాక

ఏప్రిల్ తర్వాత ఎక్కడికి పోతాయి? మళ్ళీ అవే వస్తాయా?

గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నీళ్ళున్న చెరువులు, జలాశయాలు వెతుక్కుంటూ చెదిరిపోతాయి. కొల్లేరు, చిలికా లాంటి పెద్ద నీళ్ళు వాటికి ఆసరా. నత్తలు తినే కొంగ మాత్రం అనుకున్నదానికన్నా తిరుగుబోతు. భరత్‌పూర్‌లో కాలికి రింగు తొడిగినది 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది, థాయిలాండ్‌లో తొడిగినది బంగ్లాదేశ్‌లో కనిపించింది. స్థావరం మాత్రం ఏటా అదే ఉంటుంది. పోయినేటి గూటి పుల్లల్ని దొంగిలించి కొత్త గూటికి వాడుకోవడం మామూలే, పక్కింటి పుల్లలైతే మరీ ఇష్టం.

ఈసారి తక్కువ వచ్చాయి. ఊరికి అరిష్టమా?

పక్షులొస్తే వానలు, పంటలు బాగుంటాయని పెద్దలంటారు. అందులో కొంత నిజముంది, కాకపోతే వరస తిరగేసి చూడాలి. వానలు బాగుండి చెరువులు నిండిన ఏడు పక్షులు ఎక్కువ గూళ్ళు కడతాయి. తక్కువ వచ్చాయంటే ఇక్కడ నీళ్ళు తక్కువో, వేరేచోట ఎక్కువో అయి ఉండొచ్చు. ఒక్క ఏడాది చూసి బెంగపడొద్దు. మూడు నాలుగేళ్ళు వరసగా తగ్గితే అప్పుడు చెరువులు, తంపరలు ఏమయ్యాయో వెతకాలి.

వేసవిలో చూడ్డానికి ఏమీ ఉండదా?

ఉంటుంది. మార్చి నుంచి కోయిల, మామిడి తోటల్లో బంగారు పిచ్చుక, పొలం గట్ల మీద గుడ్లు పెట్టి మనిషి కనిపిస్తే చాలు అరిచి గోల చేసే తీతువు. తొలకరికి ముందు చాతక పక్షి. ఎండిన వంశధార ఇసుకలో గుడ్లు పెట్టే పిట్టలుంటాయి. గుడ్లు ఇసుకరంగులోనే ఉంటాయి, ఇసుక ట్రాక్టర్లు తిరిగే చోట చితికిపోతాయి. నడిచేటప్పుడు కిందికి చూస్తూ నడవండి.

మా పిల్లలకి దీని మీద ఆసక్తి ఎలా పుట్టించాలి?

"కొంగా కొంగా గోళ్ళ మీద పూలు వెయ్యి" అని అరిచే వయసు నుంచే ఉంటుంది, కొత్తగా పుట్టించనక్కర్లేదు. పేర్లు బట్టీ పట్టించకండి. ఒక చెరువు చూపించి, ప్రతి ఆదివారం అదే చోట పది నిమిషాలు నిలబెట్టండి. ఏవి కొత్తగా వచ్చాయో, ఏవి పోయాయో వాళ్ళే చెబుతారు.

నేను చూసినవి రాసుకుంటున్నాను. అవి ఎవరికైనా పనికొస్తాయా?

పనికొస్తాయి. ఈబర్డ్ యాప్‌లో తేదీ, చోటు, జాతి, సంఖ్య నమోదు చేయండి. మన రెండు జిల్లాల నుంచి నమోదయ్యేవి తక్కువ కాబట్టి మీ ఒక్క జాబితాకే విలువ ఎక్కువ. జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది, మామూలు మనుషులూ పాల్గొనొచ్చు. పెద్ద గుంపును లెక్కపెట్టాలంటే ముందు పది పక్షులు లెక్కించి, ఆ పది ఎంత జాగా పట్టాయో చూసి, అలాంటి జాగాలు ఎన్నున్నాయో లెక్కేయండి. పేరు తెలియని పక్షి కనిపిస్తే ఊహించి రాయకండి, "బాతు, తెలియదు" అని రాసినా అది పనికొచ్చే లెక్కే. గూళ్ళ దగ్గర నమోదు చేసేటప్పుడు గూళ్ళు, పిల్లలు, పెద్దలు మూడూ విడివిడిగా రాయండి.